చెరువుగట్టున గాలం

పిల్లలూ! చెరువుగట్టున గాలం వేసుకుని కూర్చున్నవాణ్ణి మీరు ఎప్పుడైనా చూశారా? చేతిలో ఒక వెదురుకర్ర, దాని చివర సన్నని దారం, నీటిమీద ఒక చిన్న బెండు. ఆ మనిషి కదలడు, మెదలడు. గంటసేపయినా ఆ బెండుకేసే చూస్తూ ఉంటాడు. దారిన పోయేవాళ్లు, "పాపం, పనీపాటా లేనివాడు!" అనుకుని పోతారు.

కాని అతను ఊరికే కూర్చోలేదు. ఇక్కడ నీరు ఎంత లోతు, గాలి ఎటునుంచి వీస్తున్నది, ఏ చేప ఏ మట్టాన తిరుగుతుంది, దానికి ఏది ఇష్టం—ఇన్ని లెక్కలు చూసుకున్నాకనే ఆ గాలం నీటిలో పడింది. ఈ ఆట చాలా పాతది. కల్యాణి రాజధానిగా ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో 'మానసోల్లాసం' అనే పెద్ద సంస్కృత గ్రంథం తయారుచేశాడు. రాజుల వినోదాలను వర్ణిస్తూ అందులో 'మత్స్యవినోదం' అని ఒక ప్రకరణమే పెట్టాడు. గాలపుదారం దేనితో పెయ్యాలో, కర్ర ఎట్లా ఉండాలో, ఏ చేపకు ఏ మేత వెయ్యాలో, అంతా అందులో ఉన్నది! కొలువులో మంత్రులూ సేనాపతులూ కాచుకుని ఉండగా, ఆ రాజు కూడా ఏదో ఒక సాయంత్రం బెండుకేసి చూస్తూ కూర్చున్నాడేమో!

నేను బడిపిల్లలతో నా జీవితమంతా గడిపాను. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, లెక్కలు, ఓపిక—ఈ నాలుగూ ఒక్కచోట నేర్పే బడి చెరువుగట్టును మించినది నాకు కనబడలేదు. అయితే ఆ బడిలో నేను ఒక పాఠం చాలా కష్టంగా నేర్చుకున్నాను. ఆ సంగతి చివర చెబుతాను. ముందు గాలం సంగతి చూద్దాం.

గాలంలో ఏమేమి ఉంటాయి?

మామూలు గాలానికి ఐదు వస్తువులు చాలు. మొదటిది కర్ర. నిలువెత్తుకు ఒకటిన్నర రెట్లు పొడవుండి, చివరకు పోనుపోను సన్నబడే వెదురుకర్ర అయితే మంచిది. చేప గుంజినప్పుడు అది విల్లులాగా వంగి, ఆ ఊపును తాను మింగేస్తుంది. వంగని కర్ర అయితే ఆ ఊపంతా దారం మీద పడి, దారం తెగుతుంది.

రెండవది దారం. వెనకటి రోజులలో నూలుదారమో, పట్టుదారమో వాడేవారు. అది నానితే కుళ్లిపోయేది. అమెరికాలో 1935లో నైలాన్ కనిపెట్టిన తరువాత గాలాలకు కూడా నైలాన్ దారమే వచ్చింది. అది నీటిలో కుళ్లదు, చేపకు సరిగా కనబడదు కూడాను. కుళ్లకపోవటమే దానిలో ఉన్న చెడు కూడా. అది ఎట్లాగో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మూడవది బెండు. జీలుగ బెండు ముక్కో, నెమలి ఈక కాడో ఇందుకు పనికివస్తుంది. నాలుగవది చిన్న సీసపు గుండు. బెండు తేలుతూ ఉంటే గుండు దాన్ని కొంచెం కిందికి లాగి నిలబెడుతుంది. గుండు మరీ బరువైతే బెండు మునిగిపోతుంది. మరీ తేలికైతే బెండు పడుకుంటుంది. బెండులో ముప్పాతికభాగం నీటిలో మునిగి, పాతికభాగం మటుకు పైకి కనబడేటట్టు సరిచూడాలి. అప్పుడు చేప మూతితో ముట్టుకున్నా సరే, బెండు మీకు కబురు చెబుతుంది. ఆర్కిమిడీస్ సూత్రాన్ని పుస్తకంలో చదివినవాళ్లు ఇక్కడ చేతితో చదవవచ్చు.

ఐదవది కొక్కెం. దాని మొన దగ్గర వెనక్కు తిరిగి ఒక చిన్న ఎదురుముల్లు ఉంటుంది. చేప జారిపోకుండా అది పట్టుకుంటుంది. అదే మీ వేలికి గుచ్చుకుంటే వెనక్కు రాదు! అందుచేత పిల్లలు వాడే కొక్కేనికి ఆ ఎదురుముల్లును పట్టకారుతో నొక్కి చదును చెయ్యాలి. చేపను వదిలిపెట్టేటప్పుడు కూడా అది సులువు.

నోరు చూసి మేత చెప్పటం

ఒక మనిషి ముఖం చూసి అతను ఏం తింటాడో చెప్పలేము. కాని చేప నోరు చూసి చెప్పవచ్చు.

బొచ్చెచేపను చూడండి. తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైభాగాన తిరుగుతూ అక్కడి సన్నని జీవులను వడకట్టి తింటుంది. శీలావతి నోరు ముందుకు, కొంచెం కిందికి ఉంటుంది. అది నడిమి నీటిలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి ఉంటుంది. దాని కాపురం అడుగున, బురద దగ్గర. చెరువు ఒకటే అయినా, అది మూడంతస్తుల మేడ అన్నమాట! ఎవరి అంతస్తు వారిది. అందుకనే చేపల రైతులు ఈ మూడింటినీ కలిపి ఒకే చెరువులో పెంచుతారు. ఒకదాని కూడు ఒకటి లాక్కోదు.

గాలం వేసేవాడు ఈ సంగతి తెలుసుకుని, బెండును దారం మీద పైకో కిందికో జరుపుతాడు. శీలావతి కోసం ఎర నడిమి నీటిలో వేలాడాలి. ఎర్రమోసు కోసం అడుగును తాకాలి.

ఈ చేపలకు తవుడూ, వేరుశనగ చెక్కా కలిపి ముద్ద చేసిన ఎర ఇష్టం. వాలుగ, జెల్ల, కొర్రమీను మాంసం తినేవి గనక వాటికి ఎర్రలు పెట్టాలి. ఎర్రలంటే వానపాములు. జెల్లకూ, వాలుగకూ మూతి దగ్గర మీసాలుంటాయి చూశారా? అవి అలంకారానికి కావు. వాటితో అవి రుచి చూస్తాయి! బురదనీటిలో, అమావాస్య చీకటిలో కూడా ఆ మీసాలతో తడుముకుంటూ ఎరను కనుక్కుంటాయి.

ఇంకొక మాట. జెల్లనూ, ఇంగిలాయినీ పిల్లలు చేతితో పట్టుకోరాదు. వాటి రెక్కల దగ్గర గట్టి ముళ్లుంటాయి. ఇంగిలాయి ముల్లులో విషం కూడా ఉంటుంది. గుచ్చుకుంటే విపరీతమైన మంట, వాపు. అట్లా జరిగితే దాచుకోక వెంటనే పెద్దవాళ్లతో చెప్పి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

చేపకు మనం కనబడతామా?

ఇంట్లో ఒక తమాషా చేసి చూడండి. ఒక లోతైన గిన్నె అడుగున రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్ల గిన్నె అంచు చాటున పడి కనబడకుండా పోయేదాకా వెనక్కు జరగండి. అక్కడే కదలకుండా నిలబడి, మీ తమ్ముణ్ణో చెల్లాయినో గిన్నెలో మెల్లిగా నీరు పొయ్యమనండి. ఆశ్చర్యం! మాయమైన బిళ్ల మళ్లీ కనబడుతుంది. బిళ్ల కదలలేదు, మీరూ కదలలేదు. నీటిలోనుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగింది. దీనినే వక్రీభవనం అంటారు.

ఈ వంపు వల్లనే చెరువు అసలు లోతు కన్న తక్కువ లోతుగా కనబడుతుంది. సూటిగా పైనుంచి చూస్తే నాలుగు అడుగుల లోతు మూడు అడుగులే అనిపిస్తుంది. పక్కనుంచి చూస్తే ఇంకా తక్కువ అనిపిస్తుంది. "మోకాటి లోతే కదా!" అని దిగినవాళ్లు మునిగిపోవటానికి ఇదొక కారణం. ఈ మాట బాగా గుర్తు పెట్టుకోండి.

ఇక చేపవైపునుంచి చూద్దాం. చేప పైకి చూస్తే దానికి ఆకాశమూ, గట్టూ, చెట్లూ అన్నీ ఒక గుండ్రని కిటికీలోనుంచి కనబడతాయి. మీటరు లోతున ఉన్న చేపకు ఆ కిటికీ వెడల్పు సుమారు రెండుంపావు మీటర్లు. ఆ కిటికీ బయట నీటి పైభాగమంతా అద్దంలాగా మెరుస్తూ, చెరువు అడుగునే చూపిస్తుంది. గట్టుమీద ఎత్తుగా నిలబడ్డ మనిషి కిటికీలో బాగా కనబడతాడు. నేలకు దగ్గరగా కూర్చున్నవాడు కిటికీ అంచున నొక్కుకుపోయి, సరిగా కనబడడు. గాలం వేసేవాడు కూర్చుని ఎందుకు వేస్తాడో ఇప్పుడు తెలిసిందా?

మాట్లాడితే చేపలు పారిపోతాయని పెద్దవాళ్లు కసురుతారు. ఇందులో సగమే నిజం. గాలిలో మన మాటల శబ్దం నీటిని తాకగానే దాదాపు అంతా వెనక్కు తిరిగిపోతుంది; లోపలికి పోయేది చాలా కొద్ది. కాని గట్టుమీద దబదబా నడిస్తే ఆ అదురు నేలలోనుంచి సరాసరి నీటిలోకి పోతుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. గాలిలో పోయేది సుమారు 340 మీటర్లే. చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోకదాకా ఒక సన్నని గీత ఉంటుంది. దానిని పార్శ్వరేఖ అంటారు. నీటిలో పుట్టే చిన్న కదలికను కూడా చేప దానితో పసికడుతుంది. పైగా శీలావతి, బొచ్చె, జెల్ల, వాలుగ జాతులలో కడుపులో ఉండే గాలితిత్తికీ, లోపలి చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. గాలితిత్తి మద్దెలలాగా అదిరి, ఆ అదురు చెవికి చేరుతుంది. కనక గుసగుసగా మాట్లాడుకుంటే ఫరవాలేదు. గంతులు మటుకు వెయ్యరాదు.

ఎప్పుడు వెయ్యాలి?

ఎండ బాగా ఎక్కిన తరువాత చేపలు లోతుకు పోతాయి. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. 20 డిగ్రీల వేడి ఉన్న మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలదు. అదే 30 డిగ్రీలైతే ఏడున్నర మిల్లీగ్రాములకు దిగిపోతుంది.

అయితే తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కదా, అప్పుడు చేపలు హుషారుగా ఉండాలి కదా? ఇక్కడే ఒక చిక్కున్నది. చెరువులో నాచూ, మొక్కలూ పగలు ఎండలో ప్రాణవాయువును తయారుచేస్తాయి. రాత్రి అవి కూడా మనలాగే ప్రాణవాయువును పీల్చుకుంటాయి. రాత్రంతా చేపలూ, మొక్కలూ కలిసి వాడుకున్నాక, సూర్యోదయానికి కాస్త ముందు చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. నాచు ఎక్కువగా పట్టిన చెరువులో అప్పుడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. చూసేవాళ్లకు అది వేడుక. చేపల రైతుకు గుండెదడ! ఊపిరాడని చేప ఎరను ముట్టదు. కాబట్టి పొద్దుపొడిచి, ఎండ కాస్త తగిలిన తరువాత గాలం వెయ్యటం మంచిది. సాయంత్రం ఎండ చల్లబడినప్పుడు మరీ మంచిది.

బెండు చెప్పే కబుర్లు

బెండు టకటకా వణికితే, పరిగెలవంటి చిన్న చేపలు ఎరను చిదుపుతున్నాయన్న మాట. అప్పుడు కర్ర ఎత్తితే ఖాళీ కొక్కెం వస్తుంది. బెండు మెల్లిగా పక్కకు జరిగి, తాపీగా మునిగితే అది శీలావతో, ఎర్రమోసో కావచ్చు. నిలబడ్డ బెండు ఒక్కసారి పడుకున్నదా, ఏదో చేప అడుగునుంచి ఎరను తీసుకుని పైకి లేచి, గుండు బరువును ఎత్తిందని అర్థం. బెండు బుడుంగున మునిగి అట్లాగే పోతే కొర్రమీనో, వాలుగో.

కొత్తవాడు బెండు కదలగానే కర్ర లేపుతాడు. అనుభవమున్నవాడు బెండు మునిగేదాకా ఆగుతాడు. ఈ రెండు క్షణాల తేడా నేర్చుకోవటానికి నాకు రెండు వేసవి సెలవులు పట్టాయి.

చెరువులో చేప ఎవరిది?

"చెరువులో చేపలు దేవుడిచ్చినవి, ఎవరు పట్టుకుంటేనేం?" అని కొందరంటారు. అది సరికాదు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు నిలవనీటి చెరువులో మామూలుగా గుడ్లు పెట్టవు. వానాకాలంలో నదులు పొంగి పారినప్పుడు, ఆ పారే నీటిలోనే గుడ్లు పెడతాయి. వెనకటి రోజులలో ఆ పిల్లలను నదులలో ఏరి తెచ్చి చెరువులలో వదిలేవారు. 1957లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులూ ఈ చేపల విషయంలో ఒక ఉపాయాన్ని ఫలింపజేశారు. చేప మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి సారాన్ని తల్లిచేపలకు సూదిమందుగా ఇస్తే, అవి నది లేకుండానే గుడ్లు పెట్టాయి! జూలై 10వ తేదీని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుకునేది ఆ విజయాన్ని తలుచుకునే.

దీనివల్ల తేలేదేమిటి? మీ ఊరి చెరువులో ఉన్న శీలావతిని ఎవరో కొని తెచ్చి వదిలారు. చాలా ఊళ్లలో చెరువు మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. ఆ చేపల మీద వారి కుటుంబాలు బతుకుతాయి. అందుచేత గాలం వెయ్యటానికి ముందు వారిని అడగాలి. "మామయ్యా, ఒక గంటసేపు గాలం వేసుకోమా?" అని మర్యాదగా అడిగితే చాలామంది నవ్వి సరేనంటారు. వద్దంటే వద్దు.

నా వల్ల జరిగిన తప్పు

ఇక మొదట చెబుతానన్న సంగతి.

1970లో నాకు పదేళ్లు. మా ఊరి చెరువుకు ఒక ముసలి మత్స్యకారుడు కాపలా ఉండేవాడు. మేమంతా తాతా అని పిలిచేవాళ్లం. అతను పిల్లలను గాలం వేసుకోనిచ్చేవాడు. కాని ఒక షరతు పెట్టాడు: "ఏం పట్టినా నాకు చూపించి వెళ్లాలి."

ఒకరోజు వానలు పడి చెరువు నిండి ఉన్నది. తామరాకుల పక్కన నీటిమీద ఎర్రగా ఏదో కుతకుత ఉడుకుతున్నట్టు కనబడింది. దగ్గరకు వెళ్లి చూస్తే, అగ్గిపుల్లంతేసి ఎర్రని చేపపిల్లలు వందలకొద్దీ ముద్దగా తిరుగుతున్నాయి. అవి కొర్రమీను పిల్లలని నాకు తెలుసు. వాటి కింద పెద్ద కొర్రమీను ఉంటుందని, పిల్లల మధ్య ఎర వేస్తే తప్పకుండా పట్టుకుంటుందని పెద్ద కుర్రాళ్లు చెప్పగా విన్నాను.

ఎర వేశాను. నిమిషం కాలేదు. కర్ర విల్లులాగా వంగింది. లాగి ఒడ్డున వేస్తే, నా చెయ్యంత పొడవున్న కొర్రమీను! నేను ఎగిరి గంతులేశాను. దాన్ని తాతకు చూపించటం మాని, ముందు బజారంతా తిరిగి చూపించాను. ఎక్కడ పట్టావని అడిగినవాళ్లందరికీ చోటు కూడా చెప్పాను. సాయంత్రం ఇంకొక కుర్రాడు అక్కడికే వెళ్లి, రెండవ కొర్రమీనును పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున తాత మా ఇంటికి వచ్చాడు. కోప్పడలేదు. "అబ్బాయ్, ఒకసారి రా" అని నన్ను చెరువుకు తీసుకుపోయాడు. తామరాకుల దగ్గర కూర్చోబెట్టాడు. ఎర్రని ముద్ద చెదిరిపోయి, పిల్లలు ఇక్కడ నాలుగు, అక్కడ పది తిరుగుతున్నాయి. ఒక కొంగ తాపీగా నడుస్తూ ఒక్కొక్కదాన్ని ఏరుకుంటున్నది. నీటి కిందనుంచి ఏవో చేపలు వచ్చి గుటుక్కున మింగుతున్నాయి. అవి మునిగి దాక్కోలేవు. కాసేపటికొకసారి గాలికోసం పైకి రాక తప్పదు.

"నిన్న వాటి అమ్మ నీ ఎరను ఆకలై పట్టిందనుకున్నావా?" అన్నాడు తాత.

నేను మాట్లాడలేదు.

"పిల్లల మీదికి ఏదో వచ్చిందని కరిచింది. అమ్మను నువ్వు పట్టావు. అయ్యను వాడు పట్టాడు. వీటికి ఇంకెవరున్నారు?"

కొర్రమీను తక్కిన చేపలవంటిది కాదు, పిల్లలూ. శీలావతి లక్షలకొద్దీ గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. కొర్రమీనులు ఒడ్డుదాపున గడ్డి తొలగించి చోటు చేసుకుని గుడ్లు పెడతాయి. పిల్లలు పైకి వచ్చిన తరువాత కొన్ని వారాలపాటు కనిపెట్టుకుని ఉంటాయి. ఆ సమయంలో అవి దేనినైనా కరుస్తాయి. అంచేత వాటిని పట్టటం చాలా సులువు. అందులో నేర్పు ఏమీ లేదు. ఇది నాకు పదేళ్లప్పుడు తెలియదు.

మూడవ రోజు వెళ్లి చూశాను. అక్కడ తామరాకులు మాత్రమే ఉన్నాయి.

తాత నన్ను గాలం వెయ్యవద్దనలేదు. మరుసటి ఏడు వానాకాలంలో మాత్రం ఒక పని అప్పగించాడు. అదే మూలన మళ్లీ ఎర్రని ముద్ద కనబడితే, బడి విడిచిన తరువాత అక్కడ కూర్చుని, గాలాలతో వచ్చే కుర్రాళ్లను అవతలి గట్టుకు పంపించాలి. రోజూ సాయంత్రం కూర్చున్నాను. నన్ను కొందరు వెక్కిరించారు. ఒకడు కొట్టాడు కూడా. కాని ఆ పిల్లలు రోజురోజుకూ పెరిగి, ఎరుపు పోయి నల్లబడి, ఒకనాడు విడిపోయి ఎవరి దారిన వారు గడ్డిలోకి పోవటం కళ్లారా చూశాను. చెయ్యంత పొడవు చేపను పట్టిన రోజు కంటె ఆ రోజే నాకు ఎక్కువ సంతోషమైంది. ఆ కొర్రమీనే ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర చేప.

గాలం వేసేవారికి నియమాలు

ఇక మీరు ఈ నియమాలను రాసి పెట్టుకోండి.

ఒకటి: పెద్దవాళ్లు వెంట లేనిదే నీటి దగ్గరకు పోరాదు. ఈత వచ్చినవాళ్లకు కూడా ఇదే నియమం. పాచి పట్టిన రాళ్ల మీద నిలబడరాదు. కొక్కెం నీటిలో ఎక్కడైనా చిక్కుకుంటే దారం తెంపుకోండి. దానికోసం నీటిలో దిగకండి. కొక్కెం పోతే కొత్తది కొనుక్కోవచ్చు.

రెండు: ఎవరైనా నీటిలో పడితే మీరు దూకరాదు. మునిగేవాడు పట్టుకుంటే మీరూ మునుగుతారు. పెద్దగా కేకలు వేసి జనాన్ని పిలవండి. గట్టుమీద బోర్లా పడుకుని గాలపుకర్ర అందించండి. తువ్వాలో, తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరండి.

మూడు: తలపైన కరెంటు తీగలున్నచోట కర్ర ఎత్తరాదు. తడిసిన వెదురుకర్రలోనుంచి కూడా విద్యుత్తు పారుతుంది. దుకాణాలలో అమ్మే కార్బన్ కర్రలు ఇంకా ప్రమాదం. ఉరుములు వినబడితే గాలం చుట్టేసి ఇంటికి పోవాలి.

నాలుగు: తెగిన దారం ముక్కలన్నీ ఏరి ఇంటికి తీసుకుపోవాలి. నైలాన్ కుళ్లదని చెప్పాను కదా! గట్టున పడేసిన దారం కొంగల కాళ్లకూ, నీటికోళ్ల మెడలకూ ఉరితాడవుతుంది. ఏళ్ల తరబడి అట్లాగే ఉంటుంది.

ఐదు: చిన్న చేపను వదిలెయ్యాలి. శీలావతి పెరిగి గుడ్లు పెట్టే ఈడుకు రావటానికి సుమారు రెండేళ్లు పడుతుంది. పిల్లల ముద్దకు కాపలా ఉన్న కొర్రమీనుకు అసలు గాలమే వెయ్యరాదు.

ఆరు: వదిలే చేపను తడి చేతులతోనే పట్టుకోవాలి. చేప ఒంటిమీది జిగురు దానికి రోగాలు రాకుండా కాపాడే కవచం. పొడి చేతులతో పట్టినా, ఇసుకలో పడేసినా ఆ కవచం ఊడిపోతుంది. చేపను నీటిలోనుంచి తియ్యగానే మీరు కూడా ఊపిరి బిగబట్టండి. మీకు ఊపిరి ఆడక కష్టంగా ఉన్నదంటే, దానికీ కష్టంగానే ఉన్నదన్న మాట. వెంటనే వదిలెయ్యండి.

ఏడు: తినటానికి పట్టుకుంటే, ఇంటికి ఎన్ని కావాలో అన్నే. ఆ తరువాత ఇంకా కూర్చోవాలనిపిస్తే, ఎర లేకుండా కూర్చోండి!

తల్లిదండ్రులకు ఒక మాట. సెలవురోజున మీ పిల్లవాడు గాలం వేసుకుంటానంటే వద్దనకండి. ఒంటరిగానూ పంపకండి. మీరు కూడా వెంట వెళ్లి ఒక గంట కూర్చోండి. ఏమీ పడకపోయినా ఫరవాలేదు. బెండుకేసి చూస్తూ కూర్చున్నప్పుడు, ఇంట్లో ఎంత అడిగినా చెప్పని సంగతులు పిల్లలు వాళ్లంతట వాళ్లే చెబుతారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

పిల్లలూ, ఈ వానాకాలం మీరు ఏ చెరువుగట్టుకైనా పెద్దవాళ్లతో వెళితే, తామరాకుల పక్కన నీటిమీద ఎర్రగా ఏమైనా ఉడుకుతున్నదేమో చూడండి. కనబడితే చప్పుడు చెయ్యకుండా కూర్చుని, ఎన్ని నిమిషాలకొకసారి వాటి కింద నల్లని పెద్ద తల గాలికోసం పైకి వస్తుందో గడియారం పెట్టి లెక్కపెట్టండి. ఆ లెక్క మీ పుస్తకంలో రాసుకోండి. చోటు మటుకు ఎవరికీ చెప్పకండి.